నలభై మంది, ఒకే రాశి

వెంకటేశ్వరమ్మ గురించి రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. రాయకుండా ఉండటానికి కూడా చాలా సాకులు వెతుక్కున్నాను. ఇప్పుడు సాకులు అయిపోయాయి.

ముందు నా సంగతి చెప్పేస్తాను, లేకపోతే ఇందులో నేనెందుకు ఉన్నానో మీకు అర్థం కాదు. నేను గుంటూరులో ఒక పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ లెక్చరర్ని. నాలుగేళ్ళ క్రితం నన్ను డెప్యుటేషన్ మీద ఒక ఆఫీసులో వేశారు. మా ఊరికి కంపెనీలను రప్పించడం ఆ ఆఫీసు పని. అందులో నా పని బ్రోచర్లు రాయడం. మా దగ్గర భూమి ఉంది, నీళ్ళున్నాయి, రోడ్డుంది, అన్నిటికన్నా ముఖ్యంగా నైపుణ్యం గల స్థానిక శ్రామిక శక్తి ఉంది, రండి అని నున్నటి కాగితం మీద రంగుల్లో రాయాలి. ఆ శ్రామిక శక్తి ఎవరో కళ్ళతో చూడకుండానే ఏడాది పాటు రాశాను. ఆ పేజీలో ఇంటర్నెట్లో దొరికిన ఎవరో నవ్వుతున్న అమ్మాయి ఫోటో పెట్టాను. ఆ అమ్మాయిది ఏ దేశమో కూడా నాకు తెలీదు.

అప్పుడొక కంపెనీ వచ్చింది. కార్లలో వైర్లను కలిపే ప్లాస్టిక్ కనెక్టర్లు తయారుచేస్తుంది. ఫ్యాక్టరీ పెట్టడానికి మూడు ఊళ్ళను చూస్తోంది, అందులో మాదొకటి. కంపెనీ తరఫున వచ్చినాయన పేరు ప్రేమ్‌చంద్. ఒంగోలు మనిషే గానీ పదిహేనేళ్ళు పూనాలో పనిచేసి వచ్చాడు. మా పై అధికారి స్థలం మ్యాపు టేబుల్ నిండా పరిచారు. ప్రేమ్‌చంద్ దాన్ని మర్యాదగా మడిచి పక్కన పెట్టాడు.

"స్థలం ఎవరైనా ఇస్తారండీ. నాకు వేళ్ళు కావాలి," అన్నాడు. "అగ్గిపుల్ల తల కన్నా చిన్న పిన్ను తీసి, సన్నటి బెజ్జంలో పెట్టాలి. రోజుకి కొన్ని వేల సార్లు. ఆడవాళ్ళయితే ఓపిగ్గా చేస్తారు. మీ ఊళ్ళో అలాంటివాళ్ళు ఎవరున్నారు?"

పై అధికారి నా వైపు చూశారు. నేను బ్రోచర్ వైపు చూశాను. నేనే రాసిన దాంట్లో జవాబు లేదు. కాసేపటికి, రోజూ బస్సులోంచి చూసే కోల్డ్ స్టోరేజీలు గుర్తొచ్చాయి. వాటి ముందు రేకుల షెడ్ల కింద మిరపకాయల రాశుల చుట్టూ కూర్చుని తొడిమలు తీసే ఆడవాళ్ళు గుర్తొచ్చారు. "ఉన్నారండీ, వేలల్లో ఉన్నారు," అన్నాను. అంత నమ్మకంగా నేను అంతకుముందు ఎప్పుడూ మాట్లాడలేదు.

అలా వెళ్ళి పట్టుకున్నాను వెంకటేశ్వరమ్మని. నలభై మంది ఆడవాళ్ళ ముఠాకి ఆమె మేస్త్రి. అప్పటికి నలభై రెండు నలభై మూడేళ్ళుంటాయి. పుట్టింది కనిగిరి పక్కన మెట్ట ఊళ్ళో. పెళ్ళయి ప్రత్తిపాడు దగ్గరికి కాపురానికి వచ్చింది. భర్త కోటేష్ కౌలుకి పత్తి వేశాడు, వరసగా మూడేళ్ళు పురుగు తినేసింది. ఇద్దరూ బట్టలు మూట కట్టుకుని గుంటూరు వచ్చేశారు. ఆయన కోల్డ్ స్టోరేజీలో వాచ్‌మన్‌గా కుదిరాడు, ఆమె దాని ముందు షెడ్డులో తొడిమలు తీయడానికి కూర్చుంది. ఇరవై ఏళ్ళుగా అక్కడే కూర్చుని ఉంది.

ఆ పని పద్ధతి కాస్త చెప్పాలి. ఎగుమతికి వెళ్ళే కాయకి తొడిమ ఉండకూడదు. ముఠా అంతా ఒకే రాశి చుట్టూ కూర్చుంటుంది. ఎవరి గంప వాళ్ళకుంటుంది గానీ సాయంత్రం కాటా మాత్రం అందరికీ కలిపి ఒకటే, వచ్చిన కూలి అందరికీ సమానమే. అయితే షావుకారు మధ్యాహ్నం ఒకసారి చుట్టూ తిరిగి చూస్తాడు. ఎవరి గంప వెలితిగా కనిపిస్తే వాళ్ళని రేపట్నించి రావద్దంటాడు. అందుకని చెయ్యి చురుకైనవాళ్ళు తమ గంప నిండగానే పక్కామె గంపలో వేస్తారు. ఆ పక్కామె చంటిపిల్ల తల్లి కావచ్చు, జ్వరంతో వచ్చినామె కావచ్చు. ఎవరూ అడగరు, వేసినామె చెప్పదు. దీన్ని వాళ్ళు చెయ్యి కలపడం అంటారు. అదేదో గొప్ప త్యాగమని వాళ్ళెవరూ అనుకోరు. కూర్చున్నాక కాళ్ళు ముడుచుకున్నంత మామూలుగా చేస్తారు.

ఇంకొక సంగతి. ఇది నాకు చాలా తర్వాత తెలిసింది, మీకు ఇప్పుడే చెబుతున్నాను. వెంకటేశ్వరమ్మ వేళ్ళకి స్పర్శ లేదు. మొదటి రెండేళ్ళు చేతుల మంటకి ఓర్చుకోలేక మజ్జిగ గిన్నెలో చేతులు పెట్టుకుని కూర్చునేదట. తర్వాత మంట తగ్గింది. ఇంకా తర్వాత మంటే కాదు, వేళ్ళ చివర ఏదీ తెలియకుండా పోయింది. ఒకరోజు పొయ్యి మీద గిన్నెను గుడ్డ లేకుండా దించింది. చర్మం కమిలిన వాసన వస్తే గానీ కాలిందని తెలియలేదు. తొడిమలు తీయడానికి ఇది అడ్డం కాదు, పట్టు ఉంటే సరిపోతుంది. పైగా మంట తెలియని వేళ్ళు ఆ పనికి మంచివే. ఆమె ఎవరికీ చెప్పలేదు. కుడిపక్కన కూర్చునే నాజియా ఒక్కతే కనిపెట్టింది. నాజియాకి ఇరవై నాలుగేళ్ళు, ముఠాలో అందరికన్నా చురుకైన చెయ్యి ఆమెది.

నేను వెళ్ళి కంపెనీ సంగతి చెప్పాను. వెంకటేశ్వరమ్మ తలెత్తకుండా, చెయ్యి ఆపకుండా విన్నది.

"ఫ్యాన్ కింద కూర్చుని చేసే పనేనా?" అని అడిగింది.

"ఫ్యాన్ ఏంటమ్మా, ఏసీ ఉంటుంది."

"ఏసీ ఇక్కడా ఉందిగా సారూ, కాయలకి," అంది. చుట్టూ ఉన్నవాళ్ళందరూ ఘొల్లున నవ్వారు. నేనూ నవ్వాను.

నెల జీతం, పీఎఫ్, కుర్చీ, ఆడవాళ్ళకి వేరే బాత్‌రూమ్ అన్నీ చెప్పాను. ముందు పరీక్ష ఉంటుందని, నెగ్గినవాళ్ళని తీసుకుంటారని చెప్పాను. అప్పుడు ఆమె చెయ్యి ఆగింది.

"అట్టా కుదరదు సారూ. నలభై మందిమి వస్తాం, నలభై మందినీ తీసుకోవాల. లేదంటే ఒక్కళ్ళూ రారు."

"అలా ఎవరు తీసుకుంటారమ్మా?"

"మరి నన్నేం చెయ్యమంటారు? పక్క స్టోరేజీలో తొడిమలు కోసే మిషను పెట్టారు. వచ్చే సీజనుకి ఇక్కడా పెడతారంట. అప్పుడు పదిమంది చాలు. ఆ పదిమంది ఎవరో మేస్త్రివి నువ్వే చెప్పు అంటాడు షావుకారు. ఎవర్ని పొమ్మనాల నేను? దీన్నా? దాన్నా? నా వల్ల కాదు."

ఆమెకి కావలసింది అదొక్కటే. నలభై మందిలో ఒక్కరు కూడా బయట పడకూడదు. మేస్త్రిగా తను ఆ నలభైలో ఉండి తీరాలి. లేకపోతే తక్కినవాళ్ళు కదలరు.

పరీక్ష మా పాలిటెక్నిక్ ల్యాబులో పెట్టాం. బెంచీల మీద కూర్చోమంటే వాళ్ళు ఇబ్బంది పడ్డారు. "అలవాటైనట్టే కూర్చోనివ్వండి," అన్నాడు ప్రేమ్‌చంద్. అందరూ నేల మీద గుండ్రంగా కూర్చున్నారు. మధ్యలో పిన్నులు, కనెక్టర్లు రాశి పోశారు. ఒక్కొక్కరి ముందు ఒక స్టీలు పళ్ళెం పెట్టారు. గంటసేపు టైము. ప్రేమ్‌చంద్‌ని మా పై అధికారి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి కాఫీ ఇచ్చి, ఊరు ఎంత పెరగబోతోందో చెప్పడం మొదలుపెట్టారు. కంపెనీ కుర్రాళ్ళిద్దరూ గడియారం చూసుకుంటున్నారు. ఆడవాళ్ళని చూస్తున్నది నేనొక్కణ్ణే.

పావుగంటలో మొదలైంది. నాజియా తన పళ్ళెం వైపు చూడకుండానే చేస్తోంది. పూర్తయిన కనెక్టర్ ఒకటి తన పళ్ళెంలో, ఒకటి వెంకటేశ్వరమ్మ పళ్ళెంలో. అవతల ఇంకొకామె పక్కనున్న ముసలామె పళ్ళెంలో వేస్తోంది. గుండ్రం చుట్టూ అదే జరుగుతోంది. దొంగచాటుగా కాదు. రోజూ చేసేదే చేస్తున్నారు. వెంకటేశ్వరమ్మ మాత్రం ఒక పిన్నుని పట్టుకోవాలని చూస్తోంది. అది జారిపోతోంది, మళ్ళీ పట్టుకుంటోంది. ఒకసారి తలెత్తితే సరిగ్గా ఎదురుగా నేను నిలబడి ఉన్నాను. ఇద్దరం చూసుకున్నాం. నేను చూపు తిప్పుకుని గోడ మీద ఓమ్స్ లా చార్టు చదవడం మొదలుపెట్టాను. పాతికేళ్ళుగా పాఠం చెబుతున్న చార్టు అది.

లెక్కపెడితే అందరి పళ్ళేల్లోనూ ముప్పై తొమ్మిది, నలభై, నలభై ఒకటి వచ్చాయి. వెంకటేశ్వరమ్మకి నలభై ఒకటి. ప్రేమ్‌చంద్ కాఫీ కప్పు పక్కన పెట్టేశాడు.

"తక్కిన రెండు ఊళ్ళలో ఒకళ్ళకి అరవై వస్తే ఒకళ్ళకి పదిహేను వచ్చిందండీ. ఇంత సమానంగా నేనెక్కడా చూడలేదు. లైన్ మీద నాకు కావాల్సింది ఇదే. నలభై మందినీ తీసుకుంటాను."

అప్పుడు చెప్పాల్సింది. నోట్లో మాట కూడా ఉంది. మా పై అధికారి అప్పటికే ఆయన చెయ్యి పట్టుకుని ఊపేస్తున్నారు. ఆడవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వుకుంటున్నారు. కంపెనీ ఒకటొస్తే దాని వెనక నాలుగొస్తాయి, ఊరు బాగుపడుతుంది, ఇందులో ఎవరికి నష్టం అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. తర్వాతి బ్రోచర్లో ఇంటర్నెట్ అమ్మాయిని తీసేసి ఈ నలభై మంది ఫోటో వేయించాను. కింద 'సమాన నైపుణ్యం' అని రాశాను. ఆ మాట పై అధికారికి తెగ నచ్చింది.

ఏడాది తిరిగేసరికి ఫ్యాక్టరీ షెడ్డు లేచింది. నలభై మందికీ నీలం కోటు, తల మీద టోపీ, కాలికి చెప్పులు ఇచ్చారు. రాశి లేదు. ఒక్కొక్కరికి ఒక బల్ల, బల్లకొక నంబరు. పూర్తయిన కనెక్టర్ని బల్లలో ఉన్న గాడిలోంచి జారవిడవాలి. జారినప్పుడల్లా ఎదురుగా చిన్న తెర మీద అంకె పెరుగుతుంది. వెంకటేశ్వరమ్మది పదిహేడో నంబరు, నాజియాది పద్దెనిమిది. మధ్యలో జానెడు ఎడం.

ముఠాలో నిదానంగా చేసేవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళు నెల రోజుల్లో పని పట్టుకున్నారు. వేలికి పిన్ను తెలియాలి గానీ పట్టుకోవడం ఎంతసేపు. వెంకటేశ్వరమ్మకే తెలియదు. అందుకని నాజియా చెయ్యి ఆ జానెడు దాటి పదిహేడో గాడిలోకి వెళ్ళడం మొదలైంది. "నీది నిండిందా?" అని వెంకటేశ్వరమ్మ అడిగేదట. "ఎప్పుడో నిండింది పిన్నీ," అనేదట నాజియా. తెర ఎవరిది వాళ్ళకే కనిపిస్తుంది. నాజియాకి ఒక హెచ్చరిక కాగితం వచ్చింది, రెండోది వచ్చింది. రెండూ మడిచి టిఫిన్ సంచిలో అడుగున పెట్టుకుంది.

మూడోది వస్తే ఉద్యోగం పోతుంది. స్థానికులను తీసేయాలంటే మా ఆఫీసు సంతకం కూడా ఉండాలని ఒప్పందంలో రాసుకున్నాం. ఆ సంతకం కోసం నన్ను పిలిచారు. నేను వెళ్ళేసరికి నాజియా ప్రేమ్‌చంద్ గదిలో తల దించుకుని నిలబడి ఉంది.

"ముప్పై తొమ్మిది మందీ బాగున్నారండీ, ఈ అమ్మాయే," అన్నాడు ప్రేమ్‌చంద్. "టార్గెట్‌లో నూటికి అరవై దాటట్లేదు. టెస్టు రోజు బాగానే చేసింది. ఉద్యోగం వచ్చాక బద్ధకం పట్టుకుంది."

నేను చూసినవాటిలో నాజియా వేళ్ళంత వేగంగా కదిలే వేళ్ళు లేవు. అరవై అన్న అంకె వినగానే నాకు మొత్తం అర్థమైపోయింది. అర్థమయ్యాకే జేబులోంచి పెన్ను తీశాను. ఇది గొప్ప కోసం రాయడం లేదు, జరిగింది కాబట్టి రాస్తున్నాను.

తలుపు తోసుకుని వెంకటేశ్వరమ్మ వచ్చింది. నాజియాని ఎందుకు పిలిచారని పక్క బల్లామెని అడిగితే అప్పుడు తెలిసిందట కాగితాల సంగతి. టోపీ తీసి చేత్తో పట్టుకుంది.

"దాన్ని పంపెయ్యమాకండి సారూ. దాని పనిలో సగం నా బల్లలోకి వస్తంది. నా కౌంటు నాది కాదు."

ప్రేమ్‌చంద్‌కి కోపం రాలేదు. చిన్నగా నవ్వాడు. "మేస్త్రివి కదమ్మా, నీ మనిషిని కాపాడుకోవాలనుకుంటావు. నాకు తెలుసు. కానీ నీకు రోజూ నూటికి నూరు వస్తోంది. మొదటి రోజు టెస్టులో కూడా నలభై ఒకటి." నా వైపు తిరిగాడు. "ప్రద్యుమ్న గారూ, ఆ రోజు మీరు అక్కడే నిలబడి చూశారు. ఆ నలభై ఒకటీ ఈవిడ చేసినవేగా?"

కాదండీ అని ఒక్క మాట అంటే సరిపోయేది. అంటే ఆ రోజు ఎందుకు చెప్పలేదని అడుగుతాడు. మా ఆఫీసుకి ఫోన్ వెళుతుంది. 'సమాన నైపుణ్యం' అని రాసిన మనిషి ఎవరని వెతుకుతారు.

"రికార్డులో అంతే ఉందండీ," అన్నాను.

వెంకటేశ్వరమ్మ నన్ను ఒక్కసారి చూసింది. తర్వాత టేబుల్ మీద శాంపిల్ పిన్నులున్న గిన్నెలోకి చెయ్యి పెట్టింది. ఒక పిన్ను పట్టుకుంది, జారిపోయింది. మళ్ళీ పట్టుకుంది, మళ్ళీ జారిపోయింది. నాజియా అలవాటుగా తనే తీసివ్వడానికి చెయ్యి చాపింది. "నువ్వుండు," అంది వెంకటేశ్వరమ్మ.

"నటించకమ్మా," అన్నాడు ప్రేమ్‌చంద్.

పక్కన ఒక కనెక్టర్ ఉంది, పిన్నులు పైకి లేచి ఉన్నాయి. ఆమె చూపుడువేలు దాని మీద ఆనించి నొక్కడం మొదలుపెట్టింది. వేలి వైపు చూడటం లేదు. ప్రేమ్‌చంద్ మొహం వైపే చూస్తోంది. ముఖంలో ఏ మార్పూ లేదు.

"ఎప్పుడు ఆపాలో మీరే చెప్పండి సారూ," అంది. "నాకు తెలవదు."

ఆయన చెప్పలేదు. నేనూ చెప్పలేదు. నాజియా "పిన్నీ" అని అరిచి చెయ్యి లాగేసరికి రక్తం టేబుల్ మీదుంది, నేను సంతకం పెట్టాల్సిన కాగితం మీదుంది. వెంకటేశ్వరమ్మ అప్పుడు కిందికి చూసి, "అయ్యో, కాయితం పాడైంది," అంది.

ఆ తర్వాత పది నిమిషాల్లో పని అయిపోయింది. నలభై మందినీ ఎంచింది ప్రేమ్‌చందే కాబట్టి, సంగతి పైకి పోతే ఆయనకీ మాటొస్తుంది. ఫైల్లో ఉన్న నాజియా హెచ్చరిక కాగితాల నకళ్ళు రెండూ చింపేశాడు. వెంకటేశ్వరమ్మ ఆరోగ్యం బాగాలేక తనంతట తానే మానేస్తున్నట్టు ఒక అర్జీ టైపు చేయించారు. ఆమె కట్టు కట్టిన వేలు పక్కకి పెట్టి, బొటనవేలితో ముద్ర వేసింది. సాక్షి సంతకం నేను పెట్టాను.

గేటు దగ్గర ఆమె షేర్ ఆటో కోసం నిలబడి ఉంటే వెళ్ళాను. కోల్డ్ స్టోరేజీకి వెళుతుందట. మిషను కోసిన కాయల్లో ఇంకా తొడిమలు మిగులుతున్నాయి, వాటిని ఏరడానికి మనుషులు కావాలంటున్నారు అని తనే చెప్పింది.

"టెస్టు రోజు నేను చూశానని నీకు తెలుసు కదమ్మా. లోపల ఆ మాట ఎందుకు అనలేదు? నాజియాని కాపాడటానికి అదొక్కటీ సరిపోయేది."

"అంటే మీ మాట పోద్దిగా సారూ," అంది. ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు చెప్పింది. "రేపు ఇంకో కంపెనీ వాళ్ళొస్తే మీరు చెప్పింది నమ్మొద్దా? ఆ షెడ్లలో ఇంకా ఎంతమంది కూర్చుని ఉన్నారో మీరు చూశారుగా. వాళ్ళకి పని ఎవరు తెస్తారు?"

నాకు ముందుగా కలిగింది సిగ్గు కాదు, ఊరట. నా మాట పోలేదు, నా ఉద్యోగం ఉంది, ఈ సంగతి బయటికి రాదు. సిగ్గు కూడా వచ్చే ఉంటుంది, ఎంత వెతుక్కున్నా నాకు తగల్లేదు. ఆమె ఆటో ఎక్కి, జాగ్రత్తండీ అని నాకే చెప్పి వెళ్ళింది. నేను ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, మామూలుగానే అన్నం తిన్నాను.